చీరల మడతల్లో చీటీలు

సమస్య



నాకు 44 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక పల్లెలో ప్రభుత్వ బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. మావారికి ఎరువుల దుకాణం ఉంది. ఒక్కతే అమ్మాయి, ఇంటర్ రెండో సంవత్సరం. రెండున్నరేళ్ల కిందట స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని రెండు నెలలు ఊరుకున్నాను. తర్వాత చూపించుకుంటే క్యాన్సర్ అన్నారు. రొమ్ము తీసేశారు. చంకలోంచి 17 గ్రంథులు తీస్తే 5 గ్రంథుల్లో జబ్బు ఉందని రిపోర్టు వచ్చింది. గడ్డ మూడు సెంటీమీటర్లు, హార్మోన్ పాజిటివ్ రకం. కీమో ఎక్కించారు, తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఇప్పుడు రోజూ టామాక్సిఫెన్ బిళ్ల వేసుకుంటున్నాను. చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు "బాగున్నారమ్మా" అంటారు.

నాకు మాత్రం బాగున్నట్టు అనిపించదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. 17లో 5, 17లో 5 అని ఒకటే. పిల్లలకు భాగహారం చెబుతూ బోర్డు మీద 17 వేస్తే చెయ్యి ఆగిపోతుంది. మా పిన్ని ఇదే జబ్బుతో పోయింది. మా వెనక వీధిలో కిరాణా కొట్టు ఆవిడ పోయింది. మా మండలంలోనే ఇంకో టీచరమ్మ నిరుడు పోయింది. బతికి బట్టకట్టినవాళ్లు ఒక్కరూ నాకు కనబడలేదు.

మావారు ఆ మాట ఎత్తనివ్వరు. మా అత్తగారు ఎవరికీ చెప్పకు, రేపు పిల్లకు సంబంధాలు రావాలి అంటారు. అమెరికాలో ఉన్న మా మరిది ఆరు నెలలకోసారి పెట్ స్కాన్ తీయించుకోమంటాడు. ఇప్పటికి రెండుసార్లు సొంత డబ్బుతో తీయించుకున్నాను. రిపోర్టు చేతికొచ్చిన వారం రోజులు హాయి, ఆ తర్వాత మళ్లీ మామూలే. బిళ్ల వల్ల ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు. ఎలాగూ ఉండేదాన్ని కాదు, ఈ నాలుగు రోజులైనా సుఖంగా పడుకుందామని పోయిన నెలలో ఎవరికీ చెప్పకుండా 20 రోజులు మానేశాను. భయమేసి మళ్లీ మొదలుపెట్టాను.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. బీరువాలో పట్టుచీరల మడతల్లో చిన్న చిన్న చీటీలు పెట్టాను. ఇది అమ్మాయి పెళ్లికి, ఇది మా ఆడపడుచుకు, ఇది వదినకు అని. మొన్న అమ్మాయి కాలేజీ ఫంక్షన్‌కు చీర తీయబోతే ఆ చీటీ దానికి దొరికింది. చదివి, మళ్లీ అదే మడతలో పెట్టి బీరువా మూసింది. అప్పటినుంచి నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు.

బడిలో అందరం కలిసి 40 నెలల చీటీ కడదామంటున్నారు. 40 నెలలా అనిపించి, డబ్బు సర్దుబాటు కాదని చెప్పి తప్పుకున్నాను. ఇన్ని గ్రంథుల్లో జబ్బు వచ్చాక ఇరవై ఏళ్లు బతికినవాళ్లు నిజంగా ఉన్నారా? ఆశ పెట్టుకోమంటారా, అది నన్ను నేను మోసం చేసుకోవడమా?

పేరు వద్దు

సలహా

చెల్లెమ్మా,

ఉన్నారు. మా ఇంట్లోనే ఒకరున్నారు.

మా మేనత్తకు 1998లో, 49వ ఏట, ఇదే జబ్బు వచ్చింది. చంకలో నాలుగు గ్రంథులకు పాకింది. ఈ సంగతి నాకు 2009 దాకా తెలియదు. ఆ వేసవిలో వాళ్లింటికి వెళ్తే, డాబా మీద వడియాల పక్కన పాత నేతచీర ముక్కతో కుట్టిన గుండ్రటి సంచి ఒకటి ఎండుతోంది. చేతిలోకి తీసుకుంటే లోపల ఆవాలు జరజరా జారాయి. "ఇదేంటత్తా, ఆవాలు మూటగట్టి ఎండబెట్టావ్?" అన్నాను. అత్త మెట్ల వైపు ఒకసారి చూసి, సంచి నా చేతిలోంచి తీసుకుని జాకెట్టు లోపల ఎడమవైపు పెట్టుకుని చూపించింది. దూది పెడితే తేలికై పైకి జరిగిపోతోందట. ఆవాలైతే బరువుగా కుదురుకుంటాయట. పదకొండేళ్లుగా ప్రతి పెళ్లికీ, ప్రతి పేరంటానికీ ఆ సంచితోనే వచ్చింది. ఆమె అన్నగారు, అంటే మా నాన్న, ఆయనకు తప్ప పుట్టింట్లో ఎవరికీ తెలియదు. ఇద్దరు ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని మావయ్య ఒట్టు వేయించుకున్నాడు.

అత్తకు ఇప్పుడు 75 దాటాయి. షుగరు ఉంది, మోకాళ్లు నొప్పులంటుంది. ఆ జబ్బు మళ్లీ రాలేదు. మొన్న మాఘమాసంలో మనవరాలి పెళ్లిలో తలంబ్రాల పళ్లెం తనే పట్టుకుంది.

అత్త బతికింది కాబట్టి మీరూ బతుకుతారని నేను అనను. ఒక్క మనిషి కథతో ఏదీ రుజువు కాదు. ఈ కథ చెప్పింది వేరే ఎందుకో. చావు దాగదు. పాడె వీధిలోంచే వెళ్తుంది, పెద్దకర్మ భోజనాలకు పిలుపు వస్తుంది, ఫలానా జబ్బుతో పోయిందని పది మంది చెప్పుకుంటారు. బతికినామె మాత్రం కొంగు నిండా కప్పుకుని మన పక్కనే కూర్చుని, తాంబూలం తీసుకుని వెళ్లిపోతుంది. ఆస్పత్రిలోనూ అంతే. బెంచీ మీద మీ పక్కన కూర్చునేవాళ్లలో ఎక్కువమంది వైద్యం నడుస్తున్నవాళ్లు. పదేళ్లు దాటినవాళ్లు ఏడాదికోసారి వచ్చి, గంటలో బస్సెక్కేస్తారు. మీకు పోయినవాళ్లే కనబడటానికి కారణం ఇదే. "ఎవరికీ చెప్పకు" అన్న మాట మీ ఒక్క ఇంట్లోదే కాదు. ఇన్ని ఇళ్లలో ఆ మాట చెల్లుబాటు కావడం వల్లే కొత్తగా జబ్బు పడ్డ ఆడమనిషికి చావు కబుర్లు తప్ప మరొకటి వినబడకుండా పోయింది. నాకు దీని మీద చాలా కోపం ఉంది.

మీ పిన్నిగారి జబ్బు ఏ దశలో బయటపడిందో మీరు రాయలేదు. ఎముకలకో ఊపిరితిత్తులకో చేరాక బయటపడిన జబ్బు వేరు, చంక దగ్గర ఉండగానే వైద్యం అందిన జబ్బు వేరు. పేరు ఒకటే అయినంత మాత్రాన ఆవిడ కథ మీ కథ కాదు.

ఇక 17లో 5. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా. పుండులోంచి పైకి పోయేదాన్ని ఆ గ్రంథి అడ్డుకుంటుంది. చంకలోవీ అలాంటివే. వాటిలో క్యాన్సర్ కణాలు కనబడ్డాయంటే జబ్బు రొమ్ము దాటి బయలుదేరిందని అర్థం. ఎక్కడో ఒకటీ అరా కణం మిగిలి ఉండొచ్చు కాబట్టి, ఒళ్లంతా తిరిగే మందు కావాలని అర్థం. అందుకే మీకు ఆపరేషన్‌తో ఆపకుండా కీమో, కరెంటు, బిళ్ల అన్నీ ఇచ్చారు. వైద్యం ఎంత గట్టిగా ఉండాలో చెప్పడానికి పనికొచ్చిన అంకె అది. మీరు దాన్ని మిగిలిన రోజుల లెక్కగా చదువుకుంటున్నారు.

ఒకప్పుడు ఇలాంటివారికి ఆపరేషన్ చేసి పంపేసేవారు. 1973లో ఇటలీలోని మిలాన్‌లో జియాన్ని బొనడొన్నా అనే డాక్టరు, సరిగ్గా చంక గ్రంథులకు జబ్బు పాకినవారినే ఎంచుకుని, ఆపరేషన్ తర్వాత కొందరికి మూడు మందుల కీమో ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చూశారు. మొత్తం 386 మంది. మొదటి ఫలితాలు 1976లో వచ్చాయి. ఆయన అక్కడితో వదలకుండా, వాళ్లను దాదాపు ఇరవై ఏళ్లు వెన్నంటి చూసి 1995లో మళ్లీ ప్రచురించారు. అప్పటికీ కీమో తీసుకున్నవారిలోనే బతికున్నవారు ఎక్కువ. మీ చేతి నరంలోకి ఎక్కిన మందు వెనక ఆ స్త్రీలు ఉన్నారు.

మీరు లెక్కల టీచరు లాగా అడిగారు కాబట్టి అంకెలు కూడా దాచను. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 88 అధ్యయనాల్లోని 62 వేల మందికి పైగా స్త్రీల వివరాలు కలిపి 2017లో ప్రచురించారు. అందరిదీ మీలాగే హార్మోన్ పాజిటివ్ రకం. ఐదేళ్లు బిళ్లలు వాడి, ఐదేళ్లు నిండేనాటికి జబ్బు లేకుండా ఉన్నవారు. మీ అంత గడ్డ ఉండి, నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు పాకినవారిలో, ఆ తర్వాతి 15 ఏళ్లలో 100కి 41 మందికి వేరే అవయవాల్లో జబ్బు తిరగబెట్టింది. 41 చిన్న అంకె అని నేను అనను. ఐదేళ్లు దాటితే గండం గడిచినట్టే అని ఎవరైనా అంటే, మీ రకం జబ్బుకు అది పూర్తి నిజం కాదు. మీకు ఇంకా ఐదేళ్లు నిండలేదు కాబట్టి ఈ లెక్క మీకు అచ్చంగా అతకదు కూడా. కానీ మిగిలిన 59 మందిని కూడా చూడండి. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు మీకు వాళ్లు ఎందుకు గుర్తుకు రారు? ఇంకో సంగతి. ఇరవై ఏళ్ల ఫలితం తెలియాలంటే వైద్యం ఇరవై ఏళ్ల కిందటే మొదలై ఉండాలి. అంటే ఈ అంకెలు పాత వైద్యానివి. 2000 తర్వాత వైద్యం పొందినవారిలో తిరగబెట్టడం అంతకు ముందు దశాబ్దం కంటే తగ్గిందని అదే బృందం తర్వాత తేల్చింది.

అందుకే మీరు బిళ్ల మానేసిన 20 రోజులు నన్ను కలవరపెట్టాయి. టామాక్సిఫెన్ ఐదేళ్లు వాడితే, పదిహేనేళ్ల కాలంలో ఈ జబ్బుతో వచ్చే మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయి. మందు ఆపేశాక కూడా దాని మేలు కొన్నేళ్లు ఉంటుంది. పదేళ్లు వాడితే ఇంకా మేలని 2012లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. మీరు ఆశ అంటున్నది నాకు ఆ స్ట్రిప్‌లోనే కనబడుతోంది. ఆవిర్లను మాత్రం పళ్ల బిగువున భరించకండి. తగ్గించే మందులున్నాయి, డాక్టరుగారిని నోరు తెరిచి అడగండి. 20 రోజులు మానేసిన సంగతీ చెప్పండి, తిడితే తిట్టనివ్వండి. నిద్రకో దిగులుకో మందు రాస్తే టామాక్సిఫెన్ వాడుతున్నానని ముందే చెప్పాలి. పారోక్సెటిన్, ఫ్లూవోక్సెటిన్ లాంటి కొన్ని మందులు దాని పనికి అడ్డు రావచ్చు. నెలసరి కాని రక్తస్రావం కనబడితే ఆలస్యం చేయొద్దు. నెలసరి ఇంకా ఆగకపోతే, అండాశయాల పని ఆపే ఇంజెక్షన్లు మీకు అవసరమా అని కూడా అడగండి. పిన్నిగారు మీ అమ్మగారి చెల్లెలే అయితే జన్యు పరీక్ష గురించి అడగడం మంచిది.

పెట్ స్కాన్లు ఆపేయండి. బాధలేమీ లేనివారికి తరచూ స్కాన్లు తీసినందువల్ల ఆయుష్షు పెరగలేదని 1994లోనే ఇటలీలో రెండు అధ్యయనాలు తేల్చాయి. మీ మరిదిగారిది ప్రేమే, కాదనను. డాక్టరు చెప్పిన రోజుకు చెకప్, రెండో రొమ్ముకు ఏడాదికోసారి మామోగ్రామ్ చాలు. రెండు మూడు వారాలైనా తగ్గని కొత్త ఎముక నొప్పి, దగ్గు, ఆయాసం, కామెర్లు, మానని తలనొప్పి, మచ్చ దగ్గర కొత్త గడ్డ, వీటిలో ఏది కనబడినా చెకప్ తేదీ కోసం ఆగకుండా వెళ్లాలి.

మూడింటి మెలకువ కూడా జబ్బులో భాగమే, దానికీ వైద్యం ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. మీవారు వింటారేమో అనిపిస్తే బడి నుంచే చేయండి.

ఇక చీరలు. అది తప్పని మీరు రాశారు. నేను అలా అనుకోను. చీటీ రాసిన చెయ్యి కూడా తల్లి చెయ్యే. కానీ ఆ పిల్ల దాన్ని ఒంటరిగా చదివింది. చదివి, మీరు బాధపడతారని మళ్లీ అదే మడతలో పెట్టింది. మీరిద్దరూ ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు దాస్తున్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం బీరువా తెరిచి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. "భయమేసి రాశానమ్మా" అని ఉన్నమాట చెప్పండి. నాకేం కాదని మాత్రం అనకండి. అది నమ్మదు, ఇంటర్ చదువుతున్న పిల్ల. 5 గ్రంథుల సంగతి, 41 సంగతి, 59 సంగతి అడిగితే అడిగినంత చెప్పండి. చీటీలు ఉంచాలో తీసేయాలో దాన్నే అడగండి. ఏ చీర కడతావే అని కూడా అడగండి. కాలేజీ ఫంక్షన్‌కు అది చీర కోసమే కదా బీరువా తెరిచింది.

మీరు పోతే ఏమవుతుందన్న లెక్క ఒక్కసారి కాగితం మీద తేల్చేసుకోండి. బ్యాంకు ఖాతాకు, పీఎఫ్‌కు, బీమాకు నామినీగా ఎవరి పేరు ఉందో చూసుకోండి, మీవారికి చూపించి ఫైలు మూసేయండి. జబ్బు లేనివాళ్లూ చేయాల్సిన పనే అది. బడిలో కడదామన్న ఆ 40 నెలల చీటీలో చేరండి. ఏ నెలైనా మీరు కట్టలేకపోతే మీవారు కడతారని ముందే ఒక మాట అనుకుంటే చాలు. మొదటి పాట అయిపోకముందే బడిలో చెప్పండి.

ఈ ఉత్తరం మా అత్తకు చదివి వినిపించాను. ఆవిర్ల దగ్గర నవ్వి, బిళ్ల వేసుకున్న ఐదేళ్లూ తడిగుడ్డ తలకింద పెట్టుకుని పడుకున్నానంది. పేరు వేయకపోయినా ఫర్వాలేదు, ఆ అమ్మాయితో నేను మాట్లాడతానంది. ఇన్నేళ్లలో బయటివాళ్లతో ఈ సంగతి మాట్లాడతానని ఆమె అనడం ఇదే మొదటిసారి. మీ ఫోన్ నంబరు వేరే కాగితం మీద రాసి నాకు పంపండి, అచ్చు వేయము. సాయంత్రం నాలుగు తర్వాత అత్త ఖాళీగా ఉంటుంది.