చివరికి తేలిన మాటే రాయి

ఆర్మూర్

చిరంజీవి మేనకోడలికి,


ఊళ్లో పసుపు పనులు జోరు మీదున్నాయి. ఉడకబెట్టి ఆరబోసిన కాడి, గోళ రకాల పసుపు ట్రాక్టర్లకెక్కి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతోంది. మొన్న నువ్వు ఫోన్ చేసి, "చదవడం వస్తోంది, రాయడం వస్తోంది, వినే పేపరు దగ్గరే చేతులెత్తేస్తున్నా మామయ్యా" అన్నావు. అప్పటి నుంచి నీకు తీరిగ్గా రాయాలని అనుకుంటున్నాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. కాగితం మీద ఉంటే కావలసినప్పుడల్లా తీసి చూసుకుంటావు.

ముందు ఒక మాట. ఈ ఇంగ్లీషు పరీక్ష నీకెందుకని ఎవరైనా అంటే పట్టించుకోకు. 2023-24లో మన దేశం నుంచి 1.62 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు బయటి దేశాలకు వెళ్లాయి. వాటి విలువ 226.5 మిలియన్ డాలర్లు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలైంది, దాని ప్రధాన కార్యాలయం మన నిజామాబాద్‌లోనే. వేల్పూర్ మండలం పడగల్‌లో స్పైసెస్ పార్కు ఉంది. మంచి ధర కోసం మన రైతులు సాంగ్లీ దాకా లారీలు కట్టుకుని పోయిన ఏళ్లున్నాయి. ఇక్కడి నుంచే నేరుగా ఎగుమతి జరగాలంటే బంగ్లాదేశ్ వాడితో, దుబాయి వాడితో, అమెరికా వాడితో ఫోన్‌లో మాట్లాడి, వాళ్లు చెప్పింది తప్పు లేకుండా రాసుకునే మనుషులు కావాలి. ఆ పని మన ఆడపిల్లలు చేయాలని నా కోరిక. నేను అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాశాను, ఆ తర్వాత ఎగుమతి ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తాను. ఆ అనుభవంతోనే ఇదంతా రాస్తున్నాను.

నువ్వు కట్టిన కేంబ్రిడ్జ్ బిజినెస్ వాంటేజ్ పరీక్షలో నాలుగో వంతు మార్కులు వినే పేపరువే. 40 నిమిషాలు, 30 ప్రశ్నలు, మూడు భాగాలు. మొదటి భాగంలో మూడు ఫోన్ సంభాషణలో, రికార్డు చేసిన సందేశాలో వస్తాయి. నోట్‌లో ఉన్న ఖాళీల్లో ఒకటి రెండు మాటలు గానీ ఒక అంకె గానీ నింపాలి. అవి 12 ప్రశ్నలు. రెండో భాగంలో ఐదుగురు చొప్పున రెండు దఫాలు మాట్లాడతారు. ఎవరి మాట దేనికి సరిపోతుందో ఎనిమిదింటిలోంచి ఏరాలి. అవి 10. మూడో భాగంలో ఒక పెద్ద సంభాషణ, 8 ప్రశ్నలు, ఒక్కోదానికి మూడేసి జవాబులు. ప్రతిదీ రెండుసార్లు వినిపిస్తారు. కాగితం మీద రాసే పరీక్షయితే జవాబులు వేరే పత్రంలోకి ఎక్కించడానికి చివర్లో 10 నిమిషాలిస్తారు.

ఇక అసలు సంగతి. నీకు మాటలు తెలియక మార్కులు పోవడం లేదు. మొదట చెవిన పడ్డ మాట రాసేసి, తర్వాత వచ్చిన మాట వదిలేస్తున్నావు. మన యార్డు వేలం గుర్తుచేసుకో. ఆన్‌లైన్ వేలం రాకముందు నిజామాబాద్‌లో అది నోటితోనే సాగేది. 2016 ఏప్రిల్‌లో దేశంలో మొదటి విడత ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వేలం పద్ధతిలో చేరిన 21 మార్కెట్లలో మన యార్డు ఒకటి. నోటి వేలంలో ఒక్కో కుప్ప మీద ఐదారు ధరలు వినిపించేవి. తక్‌పట్టీ అనే అమ్మకపు చీటీలో ఎక్కేది మాత్రం ఒక్కటే, ఖరారైనది. వినే పేపరు పెట్టేవాళ్లు సరిగ్గా అలాగే పెడతారు. వినిపించిన మాటలన్నీ జవాబులు కావు. చివరికి తేలిన మాటే జవాబు.

ఒక ఫోన్ ఎలా ఉంటుందో చూపిస్తాను. అవతలి మనిషి పసుపు ఆర్డరు చెబుతున్నాడనుకో. మొదట పదిహేను టన్నులంటాడు. ఇవతలి అమ్మాయి "ఫిఫ్టీన్?" అని అడగగానే, గోదాములో జాగా చాలదని పన్నెండు చేయమంటాడు. పాతిక కిలోల బస్తాలు కావాలంటాడు, ఆ వెంటనే, వద్దు, నిరుడు పంపినట్టే యాభై కిలోలవే పంపమంటాడు. మంగళవారం లోడు చేయమని, పెట్టేసే ముందు "యాక్చువల్లీ, మేక్ ఇట్ థర్స్‌డే" అంటాడు. నీ నోట్‌లో ఖాళీలు మూడే: ఎన్ని టన్నులు, ఏ బస్తా, ఏ రోజు. ఫోన్‌లో మాత్రం ఆరు మాటలు వినిపించాయి. మూడు తేలినవి, మూడు తేలనివి. "యాక్చువల్లీ", "ఇన్‌స్టెడ్", "ఇన్ ది ఎండ్", "ఆన్ సెకండ్ థాట్స్", "సారీ, ఐ మీన్" లాంటివి చెవిన పడ్డాయంటే మాట మారుతోందని అర్థం. అప్పుడు పెన్ను ఆపి విను.

టేప్ మొదలయ్యే ముందు దొరికే కొద్ది సెకన్లు బంగారం. ఆ సమయంలో కళ్లు మూసుకుని కూర్చోకు, నోట్ చదువు. ప్రతి ఖాళీ పక్కన అక్కడ అంకె రావాలో, రోజు రావాలో, మనిషి పేరో, వస్తువు పేరో పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకో. దేనికోసం వినాలో ముందే తెలిస్తే చెవి దానంతటదే అక్కడ ఆగుతుంది.

అంకెల దగ్గర మనవాళ్లకు రెండు చిక్కులు. మొదటిది థర్టీన్, థర్టీ. థర్టీన్‌లో ఒత్తు సాధారణంగా చివర పడుతుంది, థర్టీలో మొదటే పడుతుంది. "న్" వినిపించిందా లేదా అన్నదొక్కటే వెతక్కు, ఒత్తు ఎక్కడ పడిందో కూడా చూడు. ఫోర్టీన్-ఫోర్టీ, సిక్స్‌టీన్-సిక్స్‌టీ కూడా అంతే. రెండోది పెద్ద లెక్కలు. మనం లక్షల్లో, కోట్లలో ఆలోచిస్తాం, టేప్‌లో మిలియన్లు వస్తాయి. ఇందాక రాసిన 226.5 మిలియన్లంటే మన లెక్కలో 22 కోట్ల 65 లక్షలు. 1.62 లక్షల టన్నులను వాళ్లు "ఎ హండ్రెడ్ అండ్ సిక్స్‌టీ టూ థౌజండ్" అంటారు, కామా 162 తర్వాత పెడతారు. టేప్ నడుస్తుండగా లక్షల్లోకి మార్చబోయావో, తర్వాతి ఖాళీ జారిపోతుంది. విన్నది విన్నట్టు అంకెల్లో వేసెయ్. ఫోన్ నంబర్లలో సున్నాను "ఓ" అంటారు, రెండు ఐదులు వరసగా వస్తే "డబుల్ ఫైవ్" అంటారు. పేర్లు అక్షరం అక్షరంగా చెప్పినప్పుడు ఏ, ఈ, ఐ దగ్గర, జీ, జే దగ్గర తడబడకుండా చెవికి అలవాటు చెయ్.

మరో చిక్కు, మాటలు కలిసిపోవడం. మన భాషలో ప్రతి అక్షరానికీ నిండు పలుకుంటుంది. ఇంగ్లీషులో ముఖ్యమైన మాట గట్టిగా, మిగతావి నలిగిపోయి వినిపిస్తాయి. "సెండ్ హిమ్ ది ఇన్‌వాయిస్" అనేది "సెండిమ్ ది ఇన్‌వాయిస్" అవుతుంది. "పుట్ ఇట్ ఆఫ్" మొత్తం ఒక్క మాటలా దొర్లిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం "కెన్", "కాంట్". బ్రిటిష్ వాళ్ల నోట "వి కన్ డెలివర్" అన్నప్పుడు ఆ కన్ తేలిపోతుంది. "వి కాంట్ డెలివర్" అన్నప్పుడు ఆ "కా" దీర్ఘంగా, బరువుగా పడుతుంది. చివరి "ట్" వినపడకపోయినా ఆ దీర్ఘం పట్టుకుంటే చాలు. సరుకు పంపగలమా లేదా అనేది దాంట్లోనే తేలిపోతుంది.

రెండో భాగంలో ఉచ్చు ఇంకో రకం. ఐదుగురు కొనుగోలుదారులు సరఫరాదారు మీద తమ తమ ఫిర్యాదులు చెబుతున్నారనుకో. మూడో మనిషి "డెలివరీ" అనే మాట రెండుసార్లు వాడతాడు: నిరుడు డెలివరీతో నానా తంటాలు పడ్డాం, ఈసారి డెలివరీ టైముకే వచ్చింది అని. జవాబుల్లో "డెలివరీ ఆలస్యం" కనపడగానే చేయి అటు పోతుంది. కానీ ఆయన బాధ బిల్లులో కిలో రేటు తప్పు పడిందని. జవాబులోని మాట టేప్‌లో అచ్చంగా వినిపించిందంటే ముందు అనుమానపడు. నిజమైన జవాబు చాలాసార్లు వేరే మాటల్లో వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఆ మనిషి గోడంతా ఒక్క ముక్కలో ఏమిటో అనుకో, రెండోసారి జవాబు ఖాయం చేసుకో.

మూడో భాగంలో ప్రశ్నలు సంభాషణ నడిచే వరసలోనే వస్తాయి. ఒకటి పోతే దాన్ని పట్టుకుని వేలాడక తర్వాతి దానికి వెళ్లు, రెండోసారి విన్నప్పుడు దొరుకుతుంది. ఇక్కడ అడిగేది ఎక్కువగా అభిప్రాయం. ఆంగ్లేయులు కాదనే మాటను కూడా మెత్తగా చెబుతారు. "ఐ టేక్ యువర్ పాయింట్, బట్" అన్నారంటే మొదటి సగం మర్యాద, అసలు మాట ఆ "బట్" తర్వాతే ఉంది.

ఇక సాధన. టేప్ పెట్టుకుని ఇంటిపని చేసుకుంటూ వింటున్నానన్నావు. దానివల్ల చెవికి అలవాటవుతుంది గానీ మార్కులు రావు. రోజుకు అరగంట, కూర్చుని, ఇలా చెయ్.

కేంబ్రిడ్జ్ వాళ్ల వెబ్‌సైట్‌లో నమూనా పేపర్లు, ఆడియోతో సహా ఉచితంగా దొరుకుతాయి. ఒక భాగం తీసుకుని, ఆపకుండా, వెనక్కి తిప్పకుండా రెండుసార్లు విని జవాబులు రాయి. ఇయర్‌ఫోన్లు వద్దు, కొన్నాళ్లు ఫోన్ స్పీకర్ మీదే విను. పరీక్ష హాల్లో పెద్ద స్పీకర్‌లో వచ్చినా ఇబ్బంది ఉండదు. జవాబులు సరిచూసుకున్నాక అసలు పని మొదలవుతుంది. తప్పుపోయిన చోట మాటల రాతప్రతి ముందు పెట్టుకుని మళ్లీ విను. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీసి ప్రతి తప్పునూ ఒకదాంట్లో వెయ్యి. మొదటి గడి: ఆ మాట నాకు తెలియదు. రెండోది: తెలిసిన మాటే, చెవి పట్టలేదు. మూడోది: వినపడింది, కానీ నా ధ్యాస వెనకటి ప్రశ్న దగ్గరే ఉండిపోయింది, లేదా తేలకముందే రాసేశాను.

మందు ఒక్కో గడికి ఒక్కోటి. మొదటి గడి నిండుతుంటే టర్నోవర్, క్వొటేషన్, ఓవర్‌హెడ్స్, లీడ్ టైమ్ లాంటి వ్యాపార మాటలు వాక్యాలతో సహా నేర్చుకో. రెండో గడి నిండుతుంటే రోజూ అర నిమిషం ఆడియో తీసుకుని మాట మాటా రాసి రాతప్రతితో పోల్చు. తర్వాత ఆ మనిషితో పాటు, అదే వేగంతో, అవే ఒత్తులతో గొంతెత్తి పలుకు. నోటికి వచ్చిన మాట చెవికి దొరుకుతుంది. మూడో గడి నిండుతుంటే మొత్తం పేపరు ఏకబిగిన చేసే అలవాటు పెంచుకో. నువ్వు చెప్పిందాన్ని బట్టి నీ తప్పులు ఎక్కువగా మూడో గడివే అనిపిస్తోంది. ఒక వారం రాసి చూస్తే నీకే తెలుస్తుంది.

పరీక్ష పేపర్లతోనే ఆగిపోకు. బీబీసీ వరల్డ్ సర్వీస్‌లో బిజినెస్ డైలీ అనే కార్యక్రమం ఉంది, అది మొదట కష్టంగా ఉంటే బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వాళ్ల సిక్స్ మినిట్ ఇంగ్లిష్‌తో మొదలుపెట్టు. దుబాయిలో ఉన్న మీ చిన్నాయన ఫిలిప్పీన్స్ వాళ్లతో, ఈజిప్టు వాళ్లతో రోజూ ఇంగ్లీషులోనే పని నడుపుతున్నాడు. వారానికోసారి ఫోన్ చేసి, వరసగా నాలుగు కంటైనర్ నంబర్లు చదవమను. ఒక్కోదాంట్లో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ఒక్కసారే చదవాలి, నువ్వు తప్పు లేకుండా రాయాలి. ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు. రేపు ఆఫీసులో చేయబోయేది కూడా ఇదే.

పరీక్ష రోజున రెండు సంగతులు గుర్తుంచుకో. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలకు. కాగితం మీద పరీక్షయితే, చివరి 10 నిమిషాల్లో జవాబులు ఎక్కించేటప్పుడు ప్రశ్న నంబరు, స్పెల్లింగు ఒకటికి రెండుసార్లు సరిచూసుకో. రుసుము, తేదీలు, కేంద్రం వివరాలు ఎవరో చెప్పింది నమ్మక కేంబ్రిడ్జ్ వాళ్ల సైట్‌లోనే చూసుకో.

బిడ్డా, నీకు తెలివి తక్కువ లేదు, భాష తక్కువ లేదు. కావలసింది మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక. అది సాధనతో వస్తుంది, రోజూ చేస్తేనే వస్తుంది. ఈ ఆదివారం మొత్తం పేపరు ఏకబిగిన చెయ్. మార్కులు నాకు అక్కర్లేదు, ఆ మూడు గడుల పేజీ ఫొటో తీసి పంపు. దాన్ని చూసి వచ్చే వారం ఏం చేయాలో రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య