మోకాలు మార్చుకొనిన తరువాత



మన సంఘములలో మోకాళ్ల నొప్పులు లేని పెద్దవారు కొద్దిమందియే. ముప్పది నలువది ఏండ్లు బురదలో వంగి నాట్లు వేసినవారు, గంపలు మోసినవారు, గొంతుక్కూర్చుండి కలుపు తీసినవారు అరువదవ ఏట గోడ పట్టుకొని లేచుట మనము చూచుచున్నాము. వీరిలో కొందరు పట్నము వెళ్లి మోకాలు మార్పిడి ఆపరేషను చేయించుకొని వచ్చుచున్నారు. ఆపరేషను సంగతి డాక్టర్లు చూచుకొందురు. ఇంటికి వచ్చిన తరువాతి సంగతి ఎవరు చూచుకొనవలెను? ఈ మాసపు పాఠము దానిని గూర్చియే. ఇది మేము పుస్తకములో చదివి వ్రాయుచున్నది కాదు. మా యింటిలో తప్పు చేసి నేర్చుకొనినది.

మా తల్లిగారికి 67 ఏండ్ల వయస్సున కుడి మోకాలు మార్చిరి. అంతకు ముందు ఆరేండ్లనుండి ఆమె ప్రభురాత్రి భోజనమునకు వచ్చినప్పుడు మోకరింపలేక, అందరును మోకాళ్లూనియుండగా తాను ఒక్కతెయే నిలువబడి తీసుకొనుచుండెను. నిలువబడి తీసుకొనుటలో తప్పేమియు లేదని మేము ఎన్నిమారులు చెప్పినను ఆమె మనస్సు ఒప్పుకొనలేదు. కన్న కొడుకు బోధ తల్లికి ఎక్కుట కష్టము. ఆపరేషను ఎందుకు కావాలమ్మా అని డాక్టరుగారు అడిగినప్పుడు, “మోకరించాలి బాబూ” అని ఆమె చెప్పెను. ఆయన నవ్వి, “ముందు నడుద్దాం, తరువాత చూద్దాం” అనిరి.

అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయములో శృంగారమను దేవాలయపు ద్వారమునొద్ద ఉంచబడిన కుంటివాడు ఆ గడియలోనే లేచి గంతులు వేసిన సంగతి మనకందరికి తెలియును. మేమును ఆపరేషనును గూర్చి లోలోపల అట్లే తలంచితిమి. అది అద్భుతము. ఇది వైద్యము. వైద్యము అంచెలంచెలుగా జరుగును గనుక, ఇందులో ఏమి మార్చుదురో, ఏమి మార్చరో మొదట తెలిసికొనుట మంచిది.

తొడ ఎముక చివరను, కాలి ఎముక పైభాగమును కప్పుచు నున్నని పొర యొకటి యుండును. మనవారు గుజ్జు అరిగిపోయినదని చెప్పునది దీనినే. డాక్టరు ఆ అరిగిన భాగమును పలుచగా కోసి తీసివేసి, తొడ ఎముక చివరకు లోహపు తొడుగు వేసి, కాలి ఎముకమీద లోహపు పలక నిలిపి, రెంటి నడుమ గట్టి ప్లాస్టిక్కు బిళ్ల నుంచును. కాలు తీసి క్రొత్త కాలు పెట్టరు. అరిగిన ఇరుసుకు తొడుగు వేసినట్లనుకొనవచ్చును. 1890లో బెర్లిను పట్టణములో గ్లుక్ అను వైద్యుడు ఏనుగుదంతముతో చేసిన కీలును పెట్టి చూచెను గాని అది నిలువలేదు. నేటి పద్ధతి 1970 తరువాతి సంవత్సరములలో న్యూయార్కులో రూపు దిద్దుకొనెను. అందులో పాలు పంచుకొనినవారిలో మన దేశములో పుట్టిన చిత్తరంజన్ రణావత్ గారు ఒకరు. అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారికి 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూనులో కుడి మోకాలు ముంబయిలో మార్చినది ఆయనయే. అప్పటికి ధనవంతుల వైద్యమనిపించుకొనిన ఇది ఇప్పుడు పల్లెలవరకు వచ్చినది. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఈ కీళ్ల ధరకు హద్దు పెట్టి, కోబాల్టు క్రోమియము లోహపు కీలును పన్ను గాక 54,720 రూపాయలకు మించి అమ్మరాదని ఉత్తరువు చేసెను. పెట్టిన కీళ్లలో నూటికి 80కి పైగా 25 ఏండ్లు నిలుచుచున్నవని 2019లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధన చెప్పుచున్నది.

ఇంత చేసియు డాక్టరు తొడకండను మార్చడు. నొప్పికి భయపడి ఏండ్ల తరబడి వాడక క్షీణించిన ఆ కండ అట్లే యుండును, ఆపరేషను దెబ్బకు ఇంకను మందగించును. దానిని బలపరచుట రోగి పని. మేము తెలిసికొననిది ఇదియే.

ఆసుపత్రిలో మరునాడే ఆమెను లేపి వాకరు పట్టించి నాలుగడుగులు నడిపించిరి. అయిదవ దినమున ఇంటికి వచ్చితిమి. చేయవలసిన వ్యాయామములు వ్రాసిన కాగితమొకటి ఇచ్చిరి. దానిని మేము మందుల సంచిలో భద్రముగా దాచితిమి. ఇక ఊరిలోని ప్రేమంతయు మా యింటికి వచ్చెను. కుట్లు ఊడిపోవును, కాలు కదపవద్దని ఒకరు. పప్పు తిన్నచో చీము పట్టును, గ్రుడ్డు పెట్టవద్దు, చారన్నమే పథ్యమని ఇంకొకరు. పడుకొనుటకు నులక మంచమే మెత్తనిదని వేరొకరు. మోకాలు చాపినయెడల లాగుచున్నదని ఆమె మూలుగగా, మేమే స్వయముగా మోకాలి క్రింద దిండు పెట్టితిమి. ఆమెకు హాయిగానుండెను, మాకును తృప్తిగానుండెను. పదునాలుగవ దినమున కుట్లు తీసిరి, గాయము చక్కగా మానెను. మూడు వారములు మంచినీళ్లు మొదలుకొని సమస్తమును మంచముయొద్దకే అందించితిమి.

మూడు వారములైన పిమ్మట ఆసుపత్రికి వెళ్లగా, ఫిజియోథెరపీ చేయించు అమ్మాయి ఆమెను బల్లపై పడుకొనబెట్టి కాలు చాపుమనెను. కాలు చాపుకొనలేదు. మోకాలి క్రిందనుండి ఆ అమ్మాయి చేయి సులభముగా దూరెను. వంచుమనగా 60 డిగ్రీలకు మించి వంగలేదు.

“అయ్యగారూ, దీని కింద దిండు పెట్టారా?”

పెట్టితిమని చెప్పితిమి.

ఆమె కోపపడలేదు. మోకాలు కొంచెము వంగియున్నప్పుడు నొప్పి తక్కువ గనుక రోగి అట్లే ఉంచుకొనగోరును, అట్లే ఉంచినయెడల లోపలి కండరములు, పొరలు ఆ వంపులోనే బిగిసిపోవును, తరువాత జీవితమంతయు కుంటుచు నడువవలసివచ్చునని చెప్పెను. ఇంకను సమయమున్నది గాని, మరికొన్ని వారములు ఇట్లే గడిచినచో డాక్టరుగారు మత్తు ఇచ్చి కాలిని బలవంతముగా వంచవలసివచ్చునని కూడ చెప్పెను. తిరిగివచ్చునప్పుడు బస్సులో మేమిద్దరమును మాటలాడుకొనలేదు.

ఆ దినమున దిండు తీసివేసితిమి. నులక మంచమునకు బదులు బల్ల మంచము వేసి, సంచిలోని కాగితమును గోడకు అంటించితిమి. చేయవలసినవి కష్టమైనవి కావు. పడుకొని పాదమును పైకి క్రిందికి ఆడించుట మొదటిది. ఇది పిక్కలో రక్తము గడ్డకట్టకుండ కాపాడును. రెండవది, మోకాలిని మంచమునకు అదిమి తొడను బిగించి అయిదు లెక్కించి వదలుట. మడమక్రింద చుట్టిన తువాలు పెట్టి, మోకాలి క్రింద ఏమియు లేకుండ కాలు చాపియుంచుట మాకు అన్నిటికంటె ముఖ్యమైనది. తరువాత మడమను మంచముమీద ఈడ్చుచు మోకాలు వంచుట, కాలిని చాపియే జానెడెత్తు లేపుట, కుర్చీలో కూర్చుండి పాదమును కుర్చీక్రిందికి వెనుకకు జరుపుట. ఒక్కమారే గంటసేపు చేయక, దినమునకు మూడు మారులు కొంచెము కొంచెముగా చేయవలెను. డాక్టరు ఇచ్చిన నొప్పి బిళ్లను అరగంట ముందు వేసికొని, చేసిన పిమ్మట మంచుగడ్డను గుడ్డలో చుట్టి పావుగంట పెట్టవలెను. వేడి కాపడము గాని, తైలములతో మర్దన గాని ఆ దినములలో కూడదు.

నొప్పి లేకుండ ఇది జరుగదు. చేసినప్పటి నొప్పి రాత్రికి తగ్గినయెడల భయములేదు. మరునాటికి వాపు ఎక్కువైనయెడల ఎక్కువ చేసినట్లు, కొంత తగ్గింపవలెను. మొదటి వారమున మా తల్లిగారు ఏడ్చి, “నువ్వు కొడుకువా, పోలీసువా?” అని మమ్మును గద్దించిరి. మేము లెక్క పెట్టుచుండగా ఆమెకు కోపము వచ్చుచుండెను. మా యింటివారు, అనగా ఆమె కోడలు, వేరొక ఉపాయము చేసిరి. తువాలుమీద మడమ పెట్టించి, “అత్తయ్యగారూ, ఒక కీర్తన పాడినంతసేపు” అని తాను పాట అందుకొనుచుండిరి. పాట మధ్యలో కాలు తీసివేయుటకు పాత సంఘస్థురాలికి మనస్సు రాదు. పథ్యమును కూడ ఆమెయే మాన్పించిరి. గాయము మానుటకు, కండ పెరుగుటకు పప్పు, గ్రుడ్డు, పాలు, చేప కావలెనని డాక్టరుగారే చెప్పిరి. చక్కెర వ్యాధి యున్నవారు దానిని అదుపులో నుంచుకొనవలెను.

ఆరవ వారమునకు కాలు చాపుకొనెను, 95 డిగ్రీలు వంగెను. చక్కగా చాపినది సున్న, కుర్చీలో కూర్చుండి కాలు నిలువుగా దించినది 90 అనుకొనుడి. సమనేలమీద నడచుటకు 70 వరకు, మెట్లెక్కుటకు 90, కుర్చీలోనుండి లేచుటకు 100 దరిదాపుగా కావలెను. ఈ ఆపరేషనులో ఎక్కువమందికి 110, 120 వచ్చును. గొంతుక్కూర్చుండుటకు, నేలమీద బాసిపట్లు వేయుటకు ఇంకను ఎక్కువ వంగవలెను గనుక సాధారణముగా డాక్టర్లు వాటిని మానుమందురు. కాబట్టి ఆపరేషనుకు ముందే ఇంటిలో ఎత్తు మరుగుదొడ్డి యమర్చుకొనుట, లేనిచో రంధ్రము గల కుర్చీ తెచ్చుకొనుట అవసరము. దీనికి రూపాయలు లేవనువారు ఆపరేషను దినమును కొంచెము జరుపుకొనుట మేలని మా అభిప్రాయము. గుడి సంగతియు చెప్పవలెను. స్త్రీలు చాపలమీదనే కూర్చుండవలెనను ఆచారము మన గుడిలోను ఉండెను. నాలుగు కుర్చీలు వెనుక వేయించినప్పుడు పెద్దలలో ఇద్దరికి అది నచ్చలేదు. ఇప్పుడు ఆ ఇద్దరిలో ఒకరు కుర్చీలోనే కూర్చుండుచున్నారు.

నడకను ఇంటిలో అయిదు నిమిషములతో మొదలుపెట్టి, వారవారము పెంచి, మూడు నెలలకు కాలువ గట్టువరకు వెళ్లి వచ్చునట్లు చేసితిమి. వాకరు మాని చేతికఱ్ఱ, అదియు ఎదుటి చేతిలో, అనగా కుడి మోకాలికి ఎడమ చేతిలో. మెట్లెక్కునప్పుడు మంచి కాలు ముందు, దిగునప్పుడు ఆపరేషనైన కాలు ముందు. వాన పడినప్పుడు గట్టుమీదికి పోరాదు. నడక, సైకిలు త్రొక్కుట మంచివి, పరుగు, దుముకుట మంచివి కావు. బురదలో నాట్లకు ఆమెను మరల పోనీయలేదు. వాపు, వెచ్చదనము కొన్ని నెలలు ఉండును, మచ్చ ప్రక్కన చర్మము మొద్దుబారును. వీటికి కంగారు వలదు. అయితే పిక్క వాచి నొప్పి పెట్టినను, ఆకస్మికముగా ఆయాసమో ఛాతీ నొప్పియో వచ్చినను, గాయమునుండి రసి కారినను, జ్వరము వచ్చినను, కట్టు వేయువానియొద్దకు పోక ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

ఆరవ నెలలో ఆమె డాక్టరుగారికి తన మాట జ్ఞాపకము చేసిరి. మోకరించినంత మాత్రమున కీలు విరుగదు, కాని చర్మము మొద్దుబారినందున వింతగా ఉండును, చాలామందికి ఇష్టముండదు, మందపాటి దుప్పటి వేసికొని ఏదైన పట్టుకొని ప్రయత్నింపవచ్చునని ఆయన చెప్పిరి. కొన్ని దినములు పరుపుమీదనే అభ్యాసము చేసిరి. ఏడవ నెలలో ప్రభు బల్లయొద్ద కమ్మీ పట్టుకొని, మడత పెట్టిన దుప్పటిమీద మోకరించిరి. రొట్టె అందించునప్పుడు మా చేయి వణికెను. ఆమె లేచుటకు చాలసేపు పట్టెను. వెనుక వరుసవారందరును కదలక నిలిచిరి.

తరువాతి నెల ఆమె మరల నిలువబడియే తీసుకొనిరి. ఎందుకమ్మా అని ఇంటిలో అడుగగా, “అది నా మోకాలులాగా లేదురా, చెక్కమీద నిలబడినట్టు ఉంది. ఒకసారి మోకరించాను, చాలు” అనిరి. ఆ పాత వ్యాకులము మరల ఆమె ముఖమున కనబడలేదు.

ఎడమ మోకాలు కూడ అరిగినది. సంక్రాంతి వెళ్లిన తరువాత రమ్మని డాక్టరుగారు చెప్పియున్నారు. ఆపరేషనుకు ముందే తొడను బలపరచుకొనుట మంచిదని విన్నందున, ఆమె ఇప్పటినుండియే దినమునకు మూడు మారులు ఎడమ కాలు చాపి లేపుచున్నారు. లెక్క తామే పెట్టుకొనుచున్నారు.