చెరువు మీద స్లాలమ్ గేట్లు

వరద రోజుల్లో పాపికొండల నడుమ ఎగువకు పోయే నాటుపడవ నది నడిమధ్యకు వెళ్లదు. ఒడ్డువారగా, రాళ్ల చాటున, నీటి వడి ఎక్కడ తగ్గిందో, ఎక్కడ వెనక్కి మళ్లిందో చూసుకుంటూ పోతుంది. కనో స్లాలమ్ అనే ఒలింపిక్ ఆటకు మొట్టమొదట కావలసింది ఆ చూపే. పోలవరం చుట్టుపక్కల రేవుల్లో పెరిగిన పిల్లలకు దాన్ని కొత్తగా నేర్పనక్కర్లేదు. లేనివల్లా గేట్లు, పడవలు, నేర్పే మనిషి. వీటిలో గేట్లయినా మన చేతిలో పనే.

ముందు ఆట సంగతి. వడిగా పారే నీటి మీద అడ్డంగా తీగలు లాగి, జంట కర్రలు వేలాడదీస్తారు. ఒక్కో జంట ఒక గేటు. 400 మీటర్లు మించని దారిలో 18 నుంచి 25 గేట్లు ఉంటాయి. ఆకుపచ్చ, తెలుపు పట్టీల గేటును ప్రవాహంతో పాటు దిగుతూ దాటాలి. ఎరుపు, తెలుపు గేటు కనిపిస్తే పడవను మళ్లించి, ఎదురెక్కి దాటాలి. అలాంటివి కనీసం ఆరు. వరుస తప్పకుండా అన్నీ దాటి, అందరికంటే తక్కువ సమయంలో కిందికి చేరినవాళ్లు గెలుస్తారు.

మొదలుపెట్టడానికి గోదారి వద్దు. ఆ లోతు, ఆ వెడల్పు ఈ ఆటకు కుదరవు. పైగా 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎంతమంది పోయారో ఈ ఊళ్లు మరిచిపోలేవు. ఊరి చెరువు చాలు. అసలు ఈ ఆట మొదలైందే నిలవనీటి మీద, 1930ల మొదట్లో స్విట్జర్లాండ్‌లోని హాల్‌విల్ సరస్సులో.

గట్టు మీద ఎదురెదురుగా తాటిచెట్లున్న ఇరుకు మూల ఒకటి చూసుకోండి. వాటి మధ్య నైలాన్ తాడు బిగించండి. కర్రల బరువుకు తాడు కుంగుతుంది కాబట్టి కాస్త ఎత్తులోనే కట్టాలి. కర్ర పొడవు 1.6 నుంచి 2 మీటర్లు, లావు 3.5 నుంచి 5 సెంటీమీటర్లు ఉండాలని నిబంధన. 40 ఎం.ఎం. పీవీసీ పైపు దానికి సరిగ్గా సరిపోతుంది. ఆరు మీటర్ల పైపు తెస్తే మూడు కర్రలు. ఒక్కోదాని మీద 20 సెంటీమీటర్లకో పట్టీ చొప్పున ఐదు రంగువి, ఐదు తెల్లవి వేయండి. అట్టడుగుది ఎప్పుడూ తెలుపే. అడుగున మూత బిగించి గుప్పెడు ఇసుక పోస్తే గాలికి ఊగడం తగ్గుతుంది.

రెండు కర్రల మధ్య ఎడం 1.2 మీటర్లకు తగ్గకూడదు, 4 మీటర్లు దాటకూడదు. ఒక వెదురు బొంగుకు రెండు కొసల్లో కర్రలు కట్టి, ఆ బొంగును తాడుకు వేలాడదీస్తే గేటు తయారు. కర్ర అడుగు నీటికి సుమారు 20 సెంటీమీటర్ల పైన ఉండాలి. చెరువు మట్టం నెలనెలా దిగుతుంది. అందుకని బొంగును ముడివేసి వదిలేయకుండా, చిన్న కప్పీ మీదుగా తాడు గట్టుకు తెచ్చి కట్టుకుంటే అవసరమైనప్పుడు దించుకోవచ్చు.

పడవ ఎక్కే ముందు ఈత, లైఫ్ జాకెట్, హెల్మెట్. ఇందులో బేరం లేదు. మొదటి పాఠం బోల్తా పడి బయటికి రావడం. కయాక్‌లో కాళ్లు చాపి కూర్చుని రెండువైపులా రెక్కలున్న తెడ్డు వేస్తారు. కనోలో మోకాళ్ల మీద కూర్చుని ఒంటిరెక్క తెడ్డు వేస్తారు. పోటీ పడవ పొడవు కనీసం 3.5 మీటర్లు ఉండాలి. నేర్చుకునేటప్పుడు మామూలు ప్లాస్టిక్ కయాకైనా పరవాలేదు.

ఇక ఎర్ర గేటు. ఆటంతా ఇక్కడే ఉంది. పారే నీటికి రాయి అడ్డుపడితే, దాని వెనక ఖాళీని నింపడానికి నీరు ఎగువకు తిరుగుతుంది. వరదలో రాజమహేంద్రవరం హేవలాక్ వంతెన స్తంభాల వెనక చూడండి, కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క కాసేపు వెనక్కే నడుస్తుంది. ఎర్ర గేటును ఎక్కువగా అలాంటి చోటే కడతారు. పడవ ముక్కు ఆ తిరుగునీటిలోకి దూరగానే అక్కడే ఆగుతుంది. తోకను ప్రవాహం కిందికి నెడుతూనే ఉంటుంది. దాంతో పడవ దానంతటదే గిరుక్కున తిరుగుతుంది. ఆడేవాళ్ల పని తలుపుకు బందులా తెడ్డును నీటిలో నిలబెట్టి, ఒళ్లు మలుపు లోపలివైపు వాల్చడం. బయటివైపు వాలితే బోల్తా. చెరువులో నీరు సాయం చేయదు, మొత్తం చేత్తోనే తిప్పాలి. అందుకే అక్కడ నేర్చిన తెడ్డు దెబ్బ గట్టిగా కుదురుతుంది.

గేటు దాటినట్టు లెక్క కుదరాలంటే తల రెండు కర్రల మధ్య నుంచే పోవాలి. కర్రను తెడ్డు తాకినా, పడవ తాకినా, భుజం రాసుకున్నా 2 సెకన్లు కలుపుతారు. ఒకే గేటులో రెండు కర్రలూ తాకినా ఆ రెండే. గేటు తప్పితే 50 సెకన్లు, అక్కడితో ఆశ వదులుకోవాల్సిందే. 98 సెకన్లలో వచ్చి రెండు గేట్లు తాకినవారి లెక్క 102. ఏదీ తాకకుండా 101లో వచ్చినవారు వాళ్లను దాటేస్తారు. ఒడ్డున ఇద్దరు పిల్లలను జడ్జీలుగా నిలబెట్టండి. చూడటంలోనే సగం ఆట వస్తుంది.

పెద్ద పోటీల్లో గేట్లు కట్టాక పోటీదారులను ఆ దారిలో సాధనకు దిగనివ్వరు. పోటీలో లేనివారు దిగి చూపిస్తారు. మిగతావారు ఒడ్డున నడుస్తూ ఒక్కో గేటు దగ్గర నీటిని చదివి, దారిని మనసులో గీసుకుంటారు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే. 1972 ఒలింపిక్స్‌లో ఒకసారి కనిపించి, 1992లో మళ్లీ వచ్చిన ఈ ఆటలో ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా ఫాక్స్ 2024 పారిస్‌లో కయాక్, కనో రెండింటా స్వర్ణాలు గెలిచింది.

మన దేశంలో పారే నీటి మీద ఈ పోటీలు చూడాలంటే మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్ వెళ్లవచ్చు. అక్కడ నర్మద సహస్రధార రాళ్ల మధ్య పాయలుగా చీలి పారుతుంది. 2023 తొలి నెలల్లో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడల స్లాలమ్ పోటీలు అక్కడే పెట్టారు. చెరువులో పది గేట్లు తాకకుండా దాటగలిగిన పిల్లలను ముందు అక్కడికి తీసుకెళ్లి, ఒడ్డున కూర్చోబెట్టి నీళ్లు చూపించాలి. గేట్లు కట్టడానికి అదను వానలు వెనకబట్టాక, చెరువు నిండుగా ఉన్నప్పుడు. సంక్రాంతి దాకా నీటికి లోటుండదు.