పొగతెర – లెక్కల పరీక్ష

గాలిలో తేలియాడే అతిసూక్ష్మమైన ఘన, ద్రవ కణాలను ఏరోసాళ్లంటారు. సముద్రపు ఉప్పు, ఎడారి ధూళి ప్రకృతి సహజాలు. మసి, సల్ఫేట్లు చాలవరకు మానవుడు చేర్చినవి. ఇవి సూర్యరశ్మిని ఎంత అడ్డగిస్తాయో శాస్త్రజ్ఞులు కంప్యూటరు నమూనాలతో గణిస్తారు. ఆ గణనకు గీటురాయి క్షేత్రపరిశీలనమే.

1999 జనవరి నుండి మార్చి వరకు హిందూ మహాసముద్రంపై ‘ఇండోఎక్స్’ అనే అంతర్జాతీయ ప్రయోగం జరిగింది. వీరభద్రన్ రామనాథన్, నోబెల్ బహుమతి గ్రహీత పాల్ క్రుట్జెన్ దానికి సారథ్యం వహించారు. శీతకాలంలో ఈశాన్యపు గాలులు భారత ఉపఖండం నుండి సముద్రంపైకి వీస్తాయి కనుక ఆ ఋతువునే ఎన్నుకొన్నారు. ఓడలు, విమానాలు, ఉపగ్రహాలతోపాటు మాల్దీవులలోని కాషిదూ ద్వీపంలోనూ కొలతలు తీశారు. మసి కాంతిని పీల్చుకొనడం వల్ల, సముద్రతలాన వెలుగు తరుగుదల వాతావరణపు పైఅంచున కనిపించేదానికి సుమారు మూడు రెట్లు ఉండవచ్చునని తేలింది. వెలుగు తగ్గితే నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది. ఆ ఆవిరే కదా మన వానలకు మూలం!

నమూనాలను సరిపోల్చడంలో ఒక చిక్కున్నది. సూర్యుని వైపు గురిపెట్టిన ఫోటోమీటరు, పైనున్న గాలి అంతటికీ కలిపి ఒకే సంఖ్యనిస్తుంది. ఉప్పును ఎక్కువగా, మసిని తక్కువగా లెక్కించిన నమూనాకూ అదే సంఖ్య రావచ్చు. ఇద్దరు విద్యార్థుల మొత్తం మార్కులు సమానమైనంతనే ఇద్దరికీ గణితం వచ్చునని చెప్పగలమా? ఉప్పు వెలుగును చెదరగొడుతుంది. మసి గాలిని వేడెక్కిస్తుంది. మొత్తం ఒప్పైనా ఫలితం తప్పవుతుంది. కనుకనే కణాల రసాయన విశ్లేషణమూ, విమానాలు వివిధ ఎత్తులలో తీసిన కొలతలూ అవసరమైనాయి. 2006 మార్చి–మే నెలలలో ఇస్రో ‘ఐకార్బ్’ పేరిట, ‘సాగర్ కన్య’ నౌకపై, బంగాళాఖాతంలోనూ అరేబియా సముద్రంలోనూ ఇట్టి పరిశీలనలనే కొనసాగించింది.