గొఱ్ఱెల సంతతి – పరిశోధనకు పెట్టు ధనము

సింహాద్రిపురము వంటి మెట్ట ప్రాంతమున వానలు తప్పి పైరు చేతికి రాని యేట, మందలోని గొఱ్ఱెలే సంసారమును గట్టెక్కించును. 2019 పశుగణన ననుసరించి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొఱ్ఱెలు కలవు. ఈ సంపదకు మూలము వాని సంతానోత్పత్తి. అయినను ఆ విషయమున పరిశోధన చేయు విద్యార్థికి ప్రభుత్వ ధనమీయవలెననగానే, "గొఱ్ఱె యీనుటకు కాలేజీ చదువెందుకు?" అని కొందరడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే మా ఉద్దేశము.

ఆవులకు, గేదెలకు సూదిద్వారా చూడికట్టించుట పల్లెలలో అందరెరిగినదే. గొఱ్ఱెకు అది అంత సులభము కాదు. సుమారు 17 దినములకొకసారి వచ్చు ఎద ఒకటి, ఒకటిన్నర దినములు మాత్రమే యుండును. గర్భాశయ ముఖద్వారము ఇరుకై, మడతలు పడియుండుటచే గొట్టము లోనికి పోవుట కష్టము. నిలువచేసిన వీర్యము చక్కగా ఫలింపవలెనన్న, పొట్టకు చిన్న రంధ్రముచేసి పరికరముతో గర్భాశయమునకు చేర్చవలసివచ్చును. మందయొద్దనే సులభముగా జరుగు పద్ధతిని కనుగొనుట పరిశోధకుల పని.

మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధనా సంస్థవారు, బెంగాల్ సుందరవనముల గారోల్ గొఱ్ఱెలలోని కవలలనిచ్చు గుణమును దక్కనీ జాతిలోనికి తెచ్చిరి. ఆ గుణమునకు కారణమైన జన్యుమార్పును శాస్త్రజ్ఞులు 2001లో గుర్తించిరి. నాటినుండి అది యే పొట్టేలులో ఉన్నదో కొద్దిపాటి రక్తముతో తెలిసికొనుట సాధ్యమైనది.

ఇట్టి కృషి ఒక యేట ముగియదు. చూలు అయిదు నెలలు. పుట్టిన ఆడపిల్ల పెరిగి తాను ఈనుటకు సుమారు రెండేండ్లు పట్టును. స్నాతకోత్తర విద్యార్థి చదువు కూడ రెండేండ్లే. అనగా ఒక తరము గొఱ్ఱెలను చూచునంతలో అతని గడువు తీరును. మరియొకరు ఆ పనినందుకొననిచో మొదటివాని శ్రమ, దానికై పెట్టిన ధనము వ్యర్థమగును. కావున నిధులు నడుమ ఆగక సాగవలెను.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాల మన ప్రొద్దుటూరులోనే కలదు. పంచాయతీ సభ్యులు చేయదగిన పనులివి:

1. ఈతలు, కవలలు, ఈచుకపోవుటలు, పిల్లల మరణములు కాపరులచే వ్రాయించి ఉంచుట.

2. పరిశోధన కోరి వచ్చు విద్యార్థులకు మందలను చూపించుట.

3. మేతబీళ్లను, నీటి వసతిని కాపాడుట. తల్లికి మేత లేనిచో పాలు చాలక కవలలు రెండును దక్కవు.

4. మన మందల కష్టములను తీర్మానరూపమున కళాశాలకు తెలుపుట.

తదుపరి సమావేశమున సభ్యులీ విషయమును చర్చింపగలరని ఆశించుచున్నాము.