ట్యూబ్ కాదు, డాక్టర్ కావాలని అడగండి

తొడల మధ్య దురద. చూస్తే గుండ్రటి ఎర్రమచ్చ, అంచున పొలుసులు. ఇంట్లో చెప్పాలంటే సిగ్గు. రాత్రి మెడికల్ షాపుకి వెళ్తారు. పక్కన ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గిస్తారు. "అన్నా, దురదకి ఏదైనా ట్యూబ్ ఇవ్వవా?"

ఈ అలవాటు మానండి. ఈ రోజే.

ఆ ట్యూబ్‌లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. వెనక చిన్న అక్షరాలు చదవండి: క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేర్లు కనిపిస్తాయి. రాసిన రెండు రోజులకే దురద హుష్‌కాకి. మీరు ఖుషీ. కానీ ఆ మచ్చ తామర కావచ్చు. తామర అంటే ఫంగస్. స్టెరాయిడ్ దాన్ని చంపదు. దాంతో పోరాడే మీ చర్మాన్నే జోకొడుతుంది. ట్యూబ్ ఆపగానే మచ్చ మళ్లీ లేస్తుంది, ఇంకా పెద్దదై. రూపం కూడా మారిపోయి, డాక్టర్ సైతం గుర్తుపట్టడానికి తంటాలు పడాలి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. అవి ఇక పూర్తిగా పోవు. తెల్లబడదామని ఇదే ట్యూబ్ ముఖానికి పూసేవాళ్లూ ఉన్నారు! వాళ్లకి దక్కేది మొటిమలు, ఎరుపు, అక్కర్లేని చోట నూగు.

ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే కౌంటర్ మీదకి వస్తూనే ఉన్నాయి. కాబట్టి వద్దనాల్సింది మీరే.

డాక్టర్ ఫంగస్ మందు రాస్తే మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల దాకా రాయండి. మచ్చ మాయమైనా, చెప్పినన్ని రోజులూ కొనసాగించండి. ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా? వాళ్లకీ చూపించండి. తువ్వాలు ఎవరిది వాళ్లదే.

ఇక జుట్టు. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే, దువ్వెన చూసి బెంబేలు పడకండి. డెంగీ, టైఫాయిడ్, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకి కుచ్చులుగా ఊడినా చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. రూపాయి బిళ్లంత మేర నున్నగా అయిందా? అది పేనుకొరుకుడు కావచ్చు. ఉల్లిపాయ రుద్దుతూ కూర్చోకండి, చూపించుకోండి.

ఒంటి మీద పాలిపోయిన మచ్చ, దాని మీద స్పర్శ తెలియడం లేదా? ఒక్క వారం కూడా ఆగొద్దు. కుష్టు అయినా పూర్తిగా నయమవుతుంది. మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు, వెళ్లాక ఇవి చేయండి:

1. బోర్డు చదవండి. పేరు పక్కన ఎండీ డీవీఎల్, డీడీవీఎల్ లాంటి డిగ్రీ ఉండాలి. "స్కిన్ అండ్ హెయిర్" అన్న మెరిసే అక్షరాలు డిగ్రీ కాదు. ఫీజు భారమా? గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాస్పత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది.

2. ఇప్పటిదాకా వాడినవన్నీ సంచిలో వేసుకెళ్లండి. సగం వాడిన ట్యూబులు, నూనెలు, పక్కింటి ఆంటీ ఇచ్చిన పసరు, అన్నీ. తిడతారని దాచారో, వైద్యం తప్పుదారి పడుతుంది.

3. మేకప్ లేకుండా, తలకి నూనె లేకుండా వెళ్లండి.

4. "ఎన్నాళ్లకి తెలుస్తుంది?" అని తప్పకుండా అడగండి. మొటిమల మందుకి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. జుట్టుకి రాసే మినాక్సిడిల్‌కి కనీసం నాలుగు నెలలు. మొదటి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు కూడా. చాలామంది సరిగ్గా అక్కడే భయపడి సీసా పక్కన పడేస్తారు. మీరు ఆగకండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి.

అమ్మాయిలూ, పెళ్లయిన వాళ్లూ, ఒక్కమాట. గర్భం వచ్చే అవకాశం ఉంటే డాక్టర్ అడగకముందే చెప్పేయండి. మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ కడుపులో బిడ్డకి తీవ్రమైన లోపాలు తెస్తుంది. అందుకే ఇంట్లో మిగిలిన ఆ గోళీలు చెల్లికో, స్నేహితురాలికో ఇవ్వకండి.