నాలుగు తీగలు, ఒక్క వేలు

గురువారం రాత్రి భోజనాలయ్యాక మా హాస్టల్ మెస్ వెనక మెట్ల మీద ఏడెనిమిది మందిమి చేరి ఉకులేలే వాయిస్తాం. ఉన్నవి మూడే. వంతులవారీగా చేతులు మారతాయి, మిగతావాళ్లు పాడతారు. "సంగీతం రానివాళ్లు కూడా రావచ్చు" అని వాట్సాప్‌లో పెట్టింది నేనే. ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో తర్వాత తెలిసొచ్చింది.

చూడ్డానికి బొమ్మ గిటార్‌లా ఉంటుంది గానీ దీని వెనక పెద్ద ప్రయాణమే ఉంది. 1879 ఆగస్టులో పోర్చుగీసు దీవి మదీరా నుంచి చెరకు తోటల్లో పనికి కొన్ని వందల మంది ఓడలో హవాయి చేరారు. తమ చిన్న తీగల వాయిద్యాన్ని వెంట తెచ్చుకున్నారు. వాళ్లలో ముగ్గురు వడ్రంగులు హొనొలులులో అలాంటివి తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అక్కడి రాజు కలాకౌవా ఆదరించాడు, జనం సొంతం చేసుకున్నారు. 'ఉకు' అంటే పేను లాంటి పురుగు, 'లెలే' అంటే గెంతడం. ఇంత తియ్యటి వాయిద్యానికి ఇదేం పేరని మొదట నవ్వుకున్నాను.

తీగలు నాలుగే: జి, సి, ఇ, ఎ. మామూలుగా నైలాన్‌వి కాబట్టి గిటార్ స్టీల్ తీగల్లా వేళ్లని కోయవు. ఏమీ నొక్కకుండా మీటినా వినసొంపుగానే ఉంటుంది. ఎ తీగని మూడో ఫ్రెట్ దగ్గర ఒక్క వేలితో నొక్కితే సి కార్డ్. జి తీగని రెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే ఎ మైనర్. దానికి ఇ తీగ మొదటి ఫ్రెట్ కలిపితే ఎఫ్. జి సెవెన్‌కి మాత్రం మూడు వేళ్లు కావాలి, కొత్తవాళ్లు ఇబ్బందిపడేది అక్కడే. పైగా వాయిస్తూనే పాడొచ్చు, ఫ్లూట్‌తో అది కుదరదు కదా! కెనడాలోని హాలిఫాక్స్ స్కూళ్లలో జె. చామర్స్ డోన్ 1960ల చివర్లో క్లాసు క్లాసంతటికీ దీన్ని నేర్పించడం మొదలుపెట్టాడు.

ఇంత తేలికైనదైతే అందరూ వాటంతటవే కలిసిపోతారనుకున్నాను. కలవలేదు.

డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో వచ్చిన సెకండియర్ తమ్ముడొకడు మా దగ్గరికి వచ్చేవాడు. వాడొచ్చేసరికే క్లాసులో గ్యాంగులన్నీ ఏర్పడిపోయాయి, మెస్‌లో ఒక్కడే తినేవాడు. మూడు వారాలు వచ్చి మానేశాడు. అడిగితే, "అన్నా, నా వేళ్లు కార్డ్ మీదకి వచ్చేసరికి మీరు తర్వాతి లైన్లో ఉంటున్నారు" అన్నాడు. నిజమే. మాకు వచ్చిన ముగ్గురమే ఊపులో స్పీడు పెంచేసేవాళ్లం, మిగతావాళ్లు ప్రేక్షకులైపోయారు. రమ్మన్నది మేమే, కూర్చోబెట్టి చూడమన్నదీ మేమే.

అప్పుడు పాటని పంచుకున్నాం. మూడు కార్డ్‌ల పాట తీసుకుని, మూడు ఉకులేలేలకీ తలో కార్డ్ ఇచ్చాం. వాడికి సి. అది వచ్చినప్పుడే వాయించాలి, లేనప్పుడు పాడాలి. వాడు మీటకపోతే పాటలో గొయ్యి పడినట్టుంటుంది. అందుకని అందరం వాడి చేతినే చూసేవాళ్లం, స్పీడు దానంతటదే తగ్గింది. గమకాలున్న పాటలు దీనికి పనికిరావు లెండి, జానపదాలు బాగా కుదురుతాయి.

నెమ్మదిగా వాయించడం మాకు విసుగే, అబద్ధమెందుకు. అందుకే చివరి పది నిమిషాలు మా ఇష్టం, స్పీడు మా ఇష్టం. మొన్న అలా ఊపేస్తుంటే పక్కన చప్పట్లతో తాళం వేస్తున్న వాడు ఆగి, "అన్నా, ఎఫ్ మింగేశావ్, మళ్లీ కొట్టు" అన్నాడు. మళ్లీ కొట్టాను.